తుండు కింద ముడి

ఈ రోజుల్లో ఫోను తెరిస్తే చాలు, దుంగకి తాడు ఎలా కట్టాలో ఎవరో ఒకరు నవ్వుతూ చూపిస్తారు. తాడుని దుంగ చుట్టూ ఒకసారి తిప్పి, కొసని తాడు మీదుగా మళ్ళించి, దుంగని ఆనుకుని ఉన్న ఆ చుట్టుకే నాలుగు మెలికలు పెట్టి వదిలేయడం. అంతే. లాగుతున్నంతసేపూ బిగిసి ఉంటుంది, లాగడం మానితే వదులైపోతుంది. అన్నం ఉడికేలోపు నేర్చుకుని, తినేలోపు మర్చిపోవచ్చు.

నేను ఆ ముడిని కళ్ళారా చూడటానికి మాత్రం దాదాపు ఒక ఉద్యోగ జీవితం పట్టింది. నాతోపాటు పనిచేసినవాళ్ళలో కొందరు చూడకుండానే పోయారు. పాపం, వాళ్ళ ఆత్మలు ఇప్పటికీ మొహాలు అటు తిప్పుకునే ఉంటాయి.

ఉద్యోగం అని నేనంటే మా ఆవిడ ఇప్పటికీ వంటింట్లోంచి నవ్వుతుంది. నవ్వనీండి. రాజోలు పక్క కాలవ గట్టు మీద మాది దుంగలు లాగే ముఠా. తోటల్లో కొట్టిన కొబ్బరి మాన్లు, తాటి మాన్లు, గాలివానకి ఎవరి దొడ్డిలోనో ఒరిగిన మామిడి, ఏదైనా సరే మోకుతాడు కట్టి గట్టు దాకా ఈడ్చేవాళ్ళం. అక్కడ కాలవలోకి దొర్లించి, గట్టు మీద మేము నడుస్తూ, నీళ్ళలో దాన్ని తేలుస్తూ, కోతమిల్లు దాకా తీసుకుపోయేవాళ్ళం. తరవాత తోటల్లోకి కూడా దూరే చిన్న క్రేన్లు వచ్చాయి. మాకెవరూ శాలువాలు కప్పలేదు, దండలు వెయ్యలేదు. మేస్త్రి ఫోను మోగడం మానేసింది. అదే మా రిటైర్మెంటు. అప్పటికి నా మీసం సగమే నెరిసింది.

ముఠాలో నా పని అరవడం. లాగేవాళ్ళకి ఊపు రావాలంటే ముందు ఒకడు నిలబడి ఏదో ఒకటి అనాలి. తోట యజమాని మజ్జిగలో ఎన్ని నీళ్ళు కలిపాడో, ఆయన బావమరిది చొక్కాకి ఎన్ని గుండీలు లేవో, అలాంటివి రాగం పెట్టి నేనంటే, మిగిలినవాళ్ళు నవ్వుకుంటూ "హైసా" అని లాగేవారు. దుంగని చేత్తో ముట్టుకోకుండా దుంగల మీద బతికిన ఘనత మా తాలూకా మొత్తం మీద నాదొక్కడిదే.

ఇక మా మేస్త్రి. మనిషి ఎండు కొబ్బరి ఆకులా ఉండేవాడు. చేతి కింద ఇంతమంది ఉన్నా మోకుని ఒక్కసారి లాగి ఎరగడు. ఆయన పనల్లా ముడి వెయ్యడం. అది కూడా ఎలాగనుకున్నారు? భుజం మీది ఎర్రంచు తుండు తీసి, దుంగ మీద పరిచి, రెండు చేతులూ దాని కిందికి పోనిచ్చి, ఒక్క కేక వేసేవాడు.

"మొహాలు తిప్పండ్రా!"

తిప్పేవాళ్ళం. కొబ్బరి చెట్లో, కాలవలో పోయే గుర్రపుడెక్కో, ఏది కనబడితే అది చూస్తూ నిలబడేవాళ్ళం. ఆయన దగ్గి, "ఊఁ" అనేదాకా మెడ కదిపేవాడు కాదు ఎవడూ. ముడి విప్పేటప్పుడూ అదే తతంగం. విప్పడం చూస్తే వెయ్యడం తెలిసిపోతుందని భయం.

ఆ ముడికో చరిత్ర కూడా ఉంది. గోదారికి ఆనకట్ట కట్టించిన రోజుల్లో ఒక దొరగారు మేస్త్రి ముత్తాతని పక్కకి పిలిచి చెవిలో చెప్పాడట. ముడిని చెవిలో ఎలా చెబుతారని నేను అడగలేదు. అడిగితే పని పోతుంది. దాని బదులు నా సొంత కథ ఒకటి అల్లి ముఠాలో వదిలాను. దొర కాదు, ఏమీ కాదు, మేస్త్రి ముత్తాత గోదారి అడుక్కి మునిగితే అక్కడ ముసలి మొసలి ఒకటి తోకకి వేసుకుని చూపించిందని. కొన్నాళ్ళకి ఆ మొసలి కథ మేస్త్రే నాకు చెప్పాడు, కళ్ళు పెద్దవి చేసి, "ఇది ఎవరికీ చెప్పకేం" అంటూ.

ఒకసారి ఆయన వియ్యాలవారింటికి కాట్రేనికోన వెళ్ళి, రొయ్యల కూర బాగుందని అక్కడే ఉండిపోయాడు. ఇక్కడ ఒక పెద్దమనిషి ఇంటి గుమ్మానికి అడ్డంగా సగం ఈడ్చిన తాటిమాను. ఇంటిల్లిపాదీ దాన్ని ఎక్కి దిగుతూ తిరిగారు. ఆయన కూతుర్ని చూసుకోడానికి వచ్చిన పెళ్ళివారు కూడా పట్టుపంచెలు ఎగ్గట్టి, మాను ఎక్కి దిగి లోపలికి వెళ్ళారు.

"ఏదో ఒక ముడేసి పక్కకి లాగండి బాబూ, మీకు పుణ్యముంటుంది" అని ఆ పెద్దమనిషి చేతులు పట్టుకున్నాడు.

"అమ్మమ్మ, ఎంత మాటన్నారండీ! దుంగకి ఏదో ఒక ముడి వెయ్యకూడదండి" అన్నాం మేము, లెంపలు వేసుకుని.

చదువుకున్న కుర్రాళ్ళు నవ్వుతారని నాకు తెలుసు. మీ ఆఫీసుల్లో మాత్రం తుండ్లు లేవా? ఒక్కడికే తెలిసిన పని ఒకటి ఉంటుంది. వాడు సెలవు పెడితే ఆఫీసంతా మూతపడుతుంది. వాడు కంప్యూటరు మీద వంగి కూర్చుంటే మీరు మర్యాదగా గోడ మీది బల్లిని చూస్తారు. మాది చెమట కంపు కొట్టే తుండు, మీది ఏసీ తుండు. తేడా అంతే.

ఇక అసలు సంగతి.

అది సముద్రంలో చేపల వేట నిషేధం నడుస్తున్న ఎండాకాలం. అంతర్వేది నించి ఒక వేటగాళ్ళ జంట మా మేస్త్రిని వెతుక్కుంటూ వచ్చింది. మగాయన నెమ్మదస్తుడు, మనం ఏమన్నా సరేనన్నట్టు "ఆయ్" అంటాడు. ఆడమనిషి గొంతు మాత్రం సముద్రం హోరు మీద మాట్లాడి అలవాటు పడింది. ఆవిడ మామూలుగా పలకరిస్తే మా గట్టు మీద కొంగలు లేచిపోయాయి.

"మేస్త్రిగారంటే మీరేనాండి?"

మేస్త్రి పలకలేదు. ఆయన బదులు పలకడం కూడా నా పనే.

"ఆయ్, ఆయనేనండి" అన్నాను.

"మూగోరా?"

"కాదండి. ముడేసే రోజున మాట్లాడరండి."

"ఇయ్యాల ముడేత్తల్లేదు కదండి?"

"ఎప్పుడెయ్యాల్సొస్తుందో తెలీదు కదండీ!"

ఆవిడ మేస్త్రిని తల నించి కాళ్ళ దాకా చూసి, నన్నూ చూసి, బేరానికి పనికిరాని చేపని తిరిగి గంపలో పడేసినట్టు చూపు తీసేసింది. తరవాత పని చెప్పింది.

వాళ్ళు కొత్త నావ కట్టించుకుంటున్నారు. నావకి వెన్నెముకలా అడుగున వేసే పొడవైన కర్ర కావాలి. అంత సాపైన పొన్న మాను ఎక్కడా దొరక్క, తిరిగి తిరిగి చివరికి మా పక్క తోటలో దొరకబుచ్చుకున్నారు. దాన్ని గోదారి రేవు దాకా చేర్చి, అక్కణ్ణించి వాళ్ళ పాత నావ వెనక కట్టి, నీళ్ళ మీద అంతర్వేది పాయలోకి తీసుకుపోవాలి. నావ కట్టే చోటికి ఇసకలో లారీ రాదు.

"నిషేధం ఎత్తేసేనాటికి నావ నీళ్ళలో పడాలండి. ఈ మాను తప్పితే ఈ యేటికి ఇంకోటి దొరకదు" అంది.

"పడకపోతే ఏమౌతుందండి?" అని అడిగాను. ఊరికే.

"పడకపోతే మా ఆయన మళ్ళీ మా బావగారి నావెక్కాల. పెళ్ళయ్యి పిల్లలున్నోణ్ణి, సొంత తమ్ముణ్ణి, నావలో కారిన నీళ్ళు తోడ్డానికి పెడతాడండి మా బావగారు. వలమీద చెయ్యెయ్యనివ్వడు. 'ఒరే, నీళ్ళు తోడరా' అని పదిమందిలో కేకేత్తాడు. ఈయనగారేమో 'ఆయ్' అంటాడు."

మగాయన నేల చూస్తూ "ఆయ్" అన్నాడు.

"నేనే మాటిచ్చేనండి. సముద్రం తెరిచిన రోజున మా నావ మీ నావకి ముందుంటాదని రేవులో అందరి ముందూ మా బావగారితో చెప్పేను."

మేస్త్రి తుండు దులిపి భుజాన వేసుకున్నాడు. అంటే ఒప్పుకున్నట్టు.

మానుని రేవు దాకా చేర్చడం మాకొక లెక్క కాదు. ఆ పొన్న మాను ఎంత పొడవంటే, దాని మొదలు రేవులో ఉండగా కొస మీద కూర్చున్న కాకి పక్క ఊరి కాకిగా ఉండేది. నీళ్ళలోకి దొర్లించేసరికి గోదారి ఒక మెట్టు పైకొచ్చింది. మీరు నమ్మకపోతే ఆ మెట్టు ఇంకా అక్కడే ఉంది, వెళ్ళి చూసుకోండి.

మేస్త్రి రేవులోకి దిగాడు. మోకు అందుకున్నాడు. తుండు పరిచాడు. మేము మొహాలు తిప్పాం. ఆ జంట తిప్పలేదు, వాళ్ళకి తెలియదు కదా. నేనే వెళ్ళి మర్యాదగా తిప్పించాను. ఆ రోజు మేస్త్రి ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నాడు. ఊరుగాని ఊరివాళ్ళు చూస్తారని ముడి మీద తుండుని అలాగే ఉంచి, దాన్ని కూడా దుంగకి కట్టేశాడు, పెళ్ళికూతురికి మేలిముసుగులా.

మగాయన గొంతు సవరించుకున్నాడు. ఆయన "ఆయ్" కాక ఇంకో మాట అనడం నేను అప్పుడే విన్నాను.

"మేస్త్రిగారూ, ఇది కాలవ కాదండి. ఆటు మీద పోతన్నాం. నీళ్ళు సముద్రంకేసి లాగుతుంటాయి. పాయలోకి తిరగాలంటే నావ నెమ్మదించాల. నావ నెమ్మదిత్తే దుంగ ఆగదండి, మన మీదకొచ్చేత్తాది. అప్పుడు తాడు వదులౌద్దండి. దుంగ ముక్కు దగ్గర ఇంకో మెలిక ఎయ్యండి, పట్టుంటాది."

మేస్త్రి ఆ రోజు మొదటిసారి నోరు విప్పాడు.

"దుంగకి ముక్కేటి? చెవులు కూడా ఉంటాయా మీ ఊళ్ళో?"

మేమంతా పగలబడి నవ్వాం. నేను దాన్నే రాగం పెట్టి ఒకసారి పాడాను కూడా. ఆడమనిషి నవ్వలేదు.

"ముక్కో మూతో, ఆ తుండు తియ్యండి. ఏం కట్టేరో నేను చూత్తాను."

"ఆడోళ్ళు చూడకూడదు" అన్నాడు మేస్త్రి.

"మగోళ్ళు చూసేరా?"

మా ముఠాలో ఒకడికి చెవి దురద పుట్టింది. ఒకడు చుట్ట కోసం వెతుక్కున్నాడు.

"నా ముడి మీద ఇంకో చెయ్యి పడితే ముడి అలుగుద్ది" అని మేస్త్రి నావ ఎక్కి ముందుకి వెళ్ళి కూర్చున్నాడు. వెనక మేమూ ఎక్కాం. ఆవిడ మొగుడికేసి చూసింది. ఆయన అలవాటు కొద్దీ "ఆయ్" అన్నాడు. ఆవిడ చుక్కాని పట్టుకుంది.

మాది మంచినీటి కాలవ. అందులో నీళ్ళు ఒక్క వైపే పోతాయి, అదీ పెద్దమనిషిలా నడుస్తూ పోతాయి. దుంగ మా వెనక బుద్ధిగా వస్తుంది. తాడు ఎప్పుడూ బిగిసే ఉంటుంది. పొద్దున్నొక తీరు సాయంత్రమొక తీరు తిరిగే నీళ్ళ సంగతి మాకేం తెలుసు? తెలియదని మాకు తెలియకపోవడమే మా గొప్పతనం. నావలో కూర్చుని, గోదారికి కూడా మా ముడి సత్తా తెలిసొచ్చిందని కబుర్లు చెప్పుకున్నాం.

పాయ మొగలో, అంటే పాయ గోదారిలో కలిసే చోట, ఒక పెద్ద నావ లంగరేసి ఉంది. దాని అంచు మీద కాళ్ళు వేలాడేసుకుని ఒక లావుపాటి మనిషి వల బాగుచేస్తున్నాడు. ఆవిడ చుక్కాని పిడి గట్టిగా పట్టుకోవడం చూసి, బావగారు ఆయనేనని నాకు అర్థమైంది.

"ఏరా తమ్ముడూ! సముద్రం మూసేత్తే దుంగల్ని వేటాడతన్నావేంట్రా?" అని కేకేశాడు.

తమ్ముడు తల వంచుకుని ఇంజను వేగం తగ్గించాడు. నావ పాయకేసి తిరిగింది. దుంగ తిరగలేదు. అది ఆటులో తిన్నగా మా పక్కకే వచ్చేసింది, మేనమామని చూసిన పిల్లాడిలా. బిగిసి ఉన్న మోకు ఒక్కసారి నీళ్ళలోకి జారింది. తరవాత ఎర్రంచు తుండు ఒకటి విప్పారి, హాయిగా వెల్లకిలా తేలుతూ సముద్రంకేసి బయల్దేరింది. దాని వెనకే పొన్న మాను.

మేము మోకు లాగాం. బరువు లేకుండా వచ్చేసింది. దాని కొస చూస్తే ఒక్క మెలిక లేదు, ఒక్క మడత లేదు. దాన్ని కొత్త తాడని చెప్పి కొట్లో తిరిగి అమ్మేయొచ్చు. ఇన్నేళ్ళ రహస్యం, దొర, ముత్తాత, నా మొసలి, ఏ ఒక్కదాని గుర్తూ దాని మీద లేదు.

బావగారు లేచి నిలబడ్డాడు.

"మరదలా! నా ఇంజను మంచిది. నేనెళ్ళి తాడేత్తే నీ దుంగ ఒడ్డుకొత్తాది. ఒక్క మాట అను. 'మా ఆయన మీ నావలోనే ఉంటాడు బావగారూ' అను. చాలు."

ఆవిడ మొగుడికేసి చూసింది. ఆయన ఈసారి "ఆయ్" అనలేదు. ఇంజను వేగం పెంచాడు. ఆవిడ చుక్కాని తిప్పింది. ఆ పాత నావ, సముద్రానికి పనికిరాదని పక్కన పెట్టిన నావ, దుంగ వెనక మొగ బయటికి పరుగు తీసింది.

మా ముఠా పరిస్థితి నేను చెప్పకూడదు గానీ చెబుతాను. ముందర ఇసకమేట మీద తెల్లటి అలలు విరుగుతున్నాయి. నావ అడుగునించి నీళ్ళు ఊరుతున్నాయి. మాలో ఒకడు గుర్తొచ్చిన దేవుళ్ళందర్నీ పిలిచి, ఎందుకైనా మంచిదని పక్కింటి వాళ్ళ ఏసుప్రభువుని కూడా పిలిచాడు. నాకు ఎదర ఒక తిమింగలం కనబడింది. అది అలే అని తరవాత అందరూ అన్నారు. అల కన్ను కొడుతుందా?

ఎలాగో దుంగ పక్కకి చేరాం. మగాయన గెడ వేసి దాన్ని నావకి ఆనించి పట్టాడు.

"ముడెయ్యండి మేస్త్రిగారూ! బేగి!" అంది ఆవిడ.

మేస్త్రి మోకు పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

"తుండేదీ?"

"తుండు సముద్రంలోకెళ్ళిపోయింది. మీ చేతులింకా ఉన్నాయి కదా, ఎయ్యండి!"

"మొహాలు తిప్పండి" అన్నాడు మేస్త్రి.

ఎవడూ తిప్పలేదు. ఆ క్షణంలో మొహం ఎటు తిప్పినా సముద్రమే.

మగాయన నీళ్ళలోకి దూకి, మోకు కొసని దుంగ కింద నించి అవతలికి పోనిచ్చి మేస్త్రి చేతికి అందించి, మళ్ళీ నావెక్కాడు. మేస్త్రి ఒక చుట్టు వేశాడు. కొస ఎటు తిప్పాలో తెలియక ఆగాడు. ఇటు తిప్పి, కాదని అటు తిప్పాడు. తన చేతులకేసి చూసుకున్నాడు, అవెవరివో అన్నట్టు. మళ్ళీ విప్పాడు.

"చూసుకుని కట్టండి బాబూ, దుంగ జారిపోతంది!" అని అరిచింది ఆవిడ.

"చూత్తంటే రావట్లేదు" అన్నాడు మేస్త్రి.

ఇంజను కూడా ఒక్క దగ్గు దగ్గి వినడానికి ఆగినట్టనిపించింది.

"ఏటీ?" అంది ఆవిడ.

"మా మావయ్య తుండు కిందే నా చేతులు పట్టుకుని నేర్పేడు. ఆయనకి ఆళ్ళ నాన్న అలాగే నేర్పేడంట. తుండు తియ్యలేదు ఎవరూ. నేను దాన్ని ఎప్పుడూ చూళ్ళేదు."

"అంటే ఇన్నేళ్ళూ మీ ముడి మీకే కనపడకుండా దాచేరన్నమాట!" అంది ఆవిడ. "ఆ దొరగారు కూడా తుండు కప్పుకునే చెప్పేడేంటండీ?"

ఆ మాటకి ఇంకెప్పుడైనా అయితే నేను రాగం కట్టేవాణ్ణి. అప్పుడు నోట్లో ఉప్పునీళ్ళున్నాయి.

ఆవిడ చుక్కాని నా చేతిలో పెట్టి, మేస్త్రిని పక్కకి నెట్టి, నావ అంచు మీద బోర్లా పడుకుంది. మోకు కొసని తాడు మీదుగా మళ్ళించి, చుట్టుకి నాలుగు మెలికలు పెట్టి బిగించింది. తరవాత కాస్త ముందుకి జరిగి, దుంగ ముక్కు దగ్గర, అవును, ముక్కు దగ్గరే, ఇంకో మెలిక వేసి లాగింది.

నేను చూశాను. మా ముఠా అంతా చూసింది. మెడలు తిప్పీ తిప్పీ మేము కాపాడుకున్న మహారహస్యం ఇంత. మా ఆవిడ జడ కొసకి వేసుకునే రిబ్బను ముడిలో ఇంతకంటే ఎక్కువ మతలబుంది. గుడి చుట్టూ ముక్కుతూ మూలుగుతూ ఇన్నేళ్ళు పొర్లుదండాలు పెట్టి, చివరికి తలుపు తీస్తే లోపల చీపురు కట్ట కనబడినట్టుంది నాకు.

"ఇదేనా మీది?" అంది ఆవిడ చేతులు దులుపుకుంటూ. "కొబ్బరి మట్టల మోపుకి రోజూ ఏసేదేగా ఇది! మా ఊళ్ళో అయితే దీనికి పేరు కూడా లేదు."

ఆటుకి ఎదురు లాగే శక్తి ఆ ముసలి ఇంజనుకి లేదు. నావని అడ్డంగా తోసుకుంటూ ఇసకమేట పక్కన లోతు తక్కువ చోటికి చేర్చి, పోటు వచ్చేదాకా అక్కడే ఆగాం. నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి. ఆవిడ మా ముందు ఒక పాత డబ్బా, రెండు కొబ్బరి చిప్పలు పడేసింది. మేము తోడాం. మేస్త్రి కూడా తోడాడు. జన్మలో మోకు లాగని మనిషి, దానికోసం తుండు అడగలేదు.

పోటు మొదలైంది. నీళ్ళు వెనక్కి తిరిగి మమ్మల్నీ దుంగనీ పాయలోకి తోసుకుంటూ తీసుకొచ్చాయి. తిరిగేటప్పుడు నావ మళ్ళీ నెమ్మదించింది, దుంగ మళ్ళీ మీదికొచ్చింది, మోకు మళ్ళీ వదులైంది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి దుంగ మా వెనకే ఉంది. ముక్కు దగ్గరి మెలిక వదల్లేదు.

బావగారు మళ్ళీ అంచు మీదే కూర్చుని ఉన్నాడు. వల చేతిలో ఉంది గానీ బాగుచెయ్యట్లేదు. మా నావ ఆయన ముందునించి వెళుతుండగా ఆవిడ గొంతెత్తింది. ఒడ్డున కొంగలు లేచిపోయాయి.

"బావగారూ! మీ నావలో నీళ్ళు తోడ్డానికి మనుషులు కావాలన్నారు కదండి? ఇదిగోండి, ముఠా మొత్తం ఉందండి. మేస్త్రితో సహా. బాగా తోడతారు!"

మేము డబ్బా, చిప్పలూ చేతుల్లో పట్టుకుని, తలెత్తకుండా తోడుతూనే ఉన్నాం. మగాయన నీళ్ళలో తడిసిన జుట్టు వెనక్కి తోసుకుని అన్నకేసి చూసి నవ్వాడు. ఆయన పళ్ళు నేను అప్పుడే చూశాను. చక్కటి పలువరస.

ఆ మానుతో నావ తయారైంది. నిషేధం ఎత్తేసిన రోజుకి నీళ్ళలో పడింది. ఆ రోజు అది బావగారి నావకి ముందు వెళ్ళిందా వెనక వెళ్ళిందా అంటే, నేను అక్కడ లేను. కానీ ముందే వెళ్ళిందని అందరికీ చెబుతుంటాను. చూసినవాళ్ళెవరూ ఇంతవరకూ నాకు ఎదురు చెప్పలేదు, ఎందుకంటే అంతర్వేదివాళ్ళు ఉన్నచోట నేనీ కథ చెప్పను.

మీరు అడగబోయేది నాకు తెలుసు. ఆ తరవాత మేస్త్రి ముఖం చెల్లక మానేశాడా? ముఠా తిరగబడిందా? మేమంతా ఆ ముడి నేర్చుకుని ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడ్డామా? సినిమాలు ఎక్కువ చూస్తారు మీరు.

ఇంటికొచ్చాక దొరికిన మొదటి పని కాలవ పక్క తోటలో ఒక కొబ్బరి మాను. దుంగ చుట్టూ అందరం నిలబడ్డాం. అందరం ఆ ముడి చూసినవాళ్ళమే. పడుకుని లేచి కళ్ళు నులుముకుంటూ కూడా వెయ్యగలిగినవాళ్ళమే. మేస్త్రి వచ్చాడు. భుజం మీద కొత్త తుండు, ఈసారి పచ్చంచు. దాన్ని దులిపాడు. దుంగ మీద పరిచాడు. చేతులు కిందికి పోనిచ్చాడు. ఒక్క క్షణం ఆగాడు.

"మొహాలు తిప్పండ్రా" అన్నాడు.

కాలవలో గుర్రపుడెక్క పోతోంది. ముఠా మొత్తం దాన్ని చూస్తూ నిలబడింది. నేను కూడా తిప్పాను గానీ, నా బుద్ధి తెలుసు కదా, ఓరకంట వెనక్కి చూశాను.

మేస్త్రి చేతులు తుండు కింద చకచకా కదులుతున్నాయి. ఆయన కూడా మొహం కాలవకేసే తిప్పుకుని ఉన్నాడు.